మాట వినని అద్దం

శుక్రవారం ఉదయం పది గంటల ఎనిమిది నిమిషాలకు అపార్ట్‌మెంట్ బేస్‌మెంటులో ఆపిన పార్థసారథి కారులో డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. పదకొండున్నరకు ఆ కారును ఎత్తుకుపోవడానికి ఫ్యాక్టరీ వాళ్ల క్రేన్ వస్తుంది. అంటే నాకున్నది గంటా ఇరవై రెండు నిమిషాలు. అందులో మొదటి పావుగంటను ఒక కిటికీ అద్దం తినేసింది.

మిగతా మూడు అద్దాలూ స్విచ్ ఒక్కసారి తాకితే చాలు, బుద్ధిగా పైకెళ్లి మూసుకున్నాయి. నా పక్కనున్న అద్దం మాత్రం రెండు వేళ్ల మేర లేచి ఆగిపోయింది. మళ్లీ లాగాను. మళ్లీ రెండు వేళ్లు. మూడోసారి అంత కూడా కదల్లేదు.

"నీ దుంప తెగ!" అన్నాను పైకే.

బయట నిలబడ్డ సుమతి ఉలిక్కిపడింది. "ఏమైందండీ? ఏమైనా దొరికిందా?"

"దొరకలేదమ్మా. ఈ అద్దం ఎప్పటి నుంచి ఇలా ఏడుస్తోంది?"

ఆమె ముఖంలో ఓపిక సన్నగిల్లడం కనిపించింది. "మా ఆయన కనబడక నాలుగు రోజులైందండీ. పోలీసులేమో ఆయనకి శత్రువులున్నారా అనడిగారు. మీరేమో అద్దం గురించి అడుగుతున్నారు."

ఆమె విసుగులో న్యాయముంది. ఆమె భర్త పార్థసారథి హజీరాలోని ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ విభాగం ఇంజనీరు. మంగళవారం ఉదయం ఏడూ పదికి డ్రైవర్ సురేశ్‌తో ఆల్థాన్‌లోని ఈ అపార్ట్‌మెంట్ నుంచి ఆఫీసుకని బయల్దేరాడు. తొమ్మిదీ నలభైకి కారు కామ్‌రేజ్‌లో, మూసేసిన ఒక గోడౌన్ ముందు దొరికింది. హజీరా ఒక దిక్కు, కామ్‌రేజ్ ఇంకో దిక్కు. కారులో ఇద్దరూ లేరు. ఇద్దరి ఫోన్లూ మూగబోయాయి. మర్నాడు బుధవారం పార్థసారథి ఒక గ్యాస్ ట్యాంకుకు పగుళ్లున్నాయని రుజువు చేసే రిపోర్టును విచారణ కమిటీకి ఇవ్వాల్సి ఉండింది. ఆ రిపోర్టున్న బ్యాగూ లేదు. నిజాయితీపరుడైన ఇంజనీరును డ్రైవరే ఎవరికో పట్టిచ్చాడని టీవీల్లో ఒకటే ఊదర. పోలీసులు కారును రెండు రోజులు చూసి, గురువారం సాయంత్రం ఇంటికి పంపేశారు. ఆ రాత్రే సుమతి నాకు ఫోన్ చేసింది. పద్నాలుగేళ్లు ఇన్సూరెన్సులో మోటారు క్లెయిములు చూసి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న ఈ విజయరాణికి శత్రువుల సంగతి తెలియకపోవచ్చు గానీ కారు తలుపుల సంగతి తెలుసు.

"మూడు అద్దాలు పనిచేసి ఒక్కటి చెయ్యడం లేదు సుమతి గారూ. అందుకే అడుగుతున్నాను."

ఆమె నుదురు రుద్దుకుంది. "శనివారం రాత్రి బాగానే ఉందండీ. వాన పడుతుంటే ఆయన ఇలా తాకారు, మూసుకుంది. సోమవారం పొద్దున సురేశే చెప్పాడు, అమ్మా ఇది ఒక్కసారికి పైకి రావట్లేదు, పట్టుకుని లాగాల్సొస్తోంది అని. షోరూముకి తీసుకెళ్తానన్నాడు. ఆయన వద్దన్నారు. ఇప్పుడెందుకులే, తర్వాత చూద్దామన్నారు."

"ఆదివారం కారు ఎక్కడికైనా వెళ్లిందా?"

"లేదు. ఆదివారం సురేశ్‌కి సెలవు. నేను మధ్యాహ్నం సంగీతం క్లాసుకి ఆటోలో వెళ్లాను. ఈయన ఇంట్లోనే ఉన్నారు."

వాచ్‌మన్‌ను పిలిచి గేటు పుస్తకం తెప్పించాను. అతను పేజీ తిప్పి, వేలు పెట్టి చూపిస్తూ గుజరాతీలో అన్నాడు. "రవివారే గాడీ బహార్ నీకళీ జ నథీ, బెన్." ఆదివారం కారు బయటికే పోలేదట. సురేశ్ వచ్చాడా అంటే రాలేదన్నాడు. మెకానిక్ ఎవరైనా? ఎవరూ రాలేదు. ఆ రోజు పుస్తకంలో బయటివాళ్లు ఇద్దరే ఉన్నారు. ఒకడు నీళ్ల డబ్బాలవాడు, ఇంకొకడు ఎనిమిదో అంతస్తుకు వచ్చిన చుట్టం.

కారులో గడియారం చూశాను. నా చేతి గడియారంతో నిమిషం తేడా లేకుండా నడుస్తోంది. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు ఇలాంటి కార్లలో అద్దాలు తమ కొలతలు మర్చిపోతాయి. ఎంతవరకు పైకెళ్లాలి, ఎక్కడ ఆగాలి అన్నది మళ్లీ నేర్పాలి. కానీ బ్యాటరీ తీస్తే నాలుగూ మర్చిపోవాలి. ఇక్కడ మర్చిపోయింది ఒక్కటే. అంటే కరెంటు పోయింది ఈ ఒక్క తలుపుకే.

సరే, నేర్పి చూద్దామనుకున్నాను. ఇగ్నిషన్ వేసి, స్విచ్ నొక్కి పట్టి అద్దాన్ని అడుగుదాకా దించాను. దిగాక కూడా రెండు సెకన్లు వదల్లేదు. తర్వాత కొద్దికొద్దిగా లాగుతూ పైదాకా తెచ్చి, మూసుకున్నాక ఐదు సెకన్లు అలాగే పట్టుకున్నాను. వదిలాను. మళ్లీ దించి ఒక్కసారి తాకాను. అద్దం సర్రున లేచి మూసుకుంది.

"అయిపోయింది" అన్నాను గర్వంగా. కారు దిగి తలుపు వేశాను.

పదీ నలభైకి భూదేవమ్మ వచ్చింది. సురేశ్ తల్లి. సాంచాల ఖాతాలో, అంటే మరమగ్గాల షెడ్డులో, బాబిన్లకు నూలు చుట్టే పని. మా అమ్మ కూడా ఆ పనే చేసింది కాబట్టి ఆమె వేళ్ల మీది గీతలు నాకు కొత్త కాదు. పొద్దున్నే ఫోన్ చేసి, ముఖాముఖి అయితేనే మాట్లాడతానని చెప్పింది. సుమతిని చూడగానే గోడవైపు తిరిగి నిలబడిపోయింది. సుమతి లిఫ్టు దగ్గరికి వెళ్లింది.

"మేడమ్, గిక్కడ మాట్లాడ. గా వాచ్‌మన్ ఇటే సూస్తున్నడు."

"కారులో కూర్చో అక్కా. ఎవ్వరికీ వినబడదు."

ఆమె అవతలి సీట్లో కూర్చుంది. నేను ఇటు కూర్చుని తలుపు వేసుకున్నాను. "జర అద్దం గూడ పెట్టున్రి" అంది. ఉక్కగా ఉందని కూర్చోగానే అద్దాన్ని అర చెయ్యి మేర దించాను. స్విచ్ తాకాను. రెండు వేళ్లు లేచి ఆగింది.

ఇందాక నేర్పిన పాఠం మొత్తం మర్చిపోయింది! నాకు ఏడుపొచ్చినంత పనైంది. భూదేవమ్మ నా చేతినీ అద్దాన్నీ మార్చి మార్చి చూసింది. లాగి, వదిలి, లాగి, వదిలి, ఎలాగో పైదాకా తెచ్చాను.

"ఇగ చెప్పు" అన్నాను. అప్పుడు గడియారంలో పదీ నలభై ఆరు.

"మా పోరడు ఏం తప్పు జెయ్యలే మేడమ్. టీవీల కిడ్నాప్ జేసిండని గట్లనే తిప్పి తిప్పి సూపిస్తున్నరు. ఖాతాకు పోతే సేటు రావద్దన్నడు. పోరడు మొన్న పొద్దుమీకి వేరేటోళ్ల ఫోన్ల మాట్లాడిండు. పోలీసుల కాడికి వస్తడట. కని ఒక్కడే వస్తే కొట్టి ఒప్పిస్తరని భయం."

"ఏం జరిగిందో నీకు చెప్పాడా?"

"చెప్పలే. నీకు చెప్తే నీక్కూడ ముప్పే అన్నడు. పోలీసుల ముంగట్నే చెప్తడట."

"ఎక్కడున్నాడు?"

ఆమె చాలాసేపు కొంగు అంచు నలిపింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది. "కోసాడ్‌ల. సర్కారు క్వార్టర్లు ఉన్నయి గదా. పదిహేడో బిల్డింగు, మూడో అంతస్తు. మా చెల్లె బిడ్డ నవత ఇంట్ల."

"రెండు గంటలకు వకీలును తీసుకుని నేనే వెళ్లి తీసుకొస్తాను. అప్పటిదాకా తలుపు తీయొద్దని చెప్పు. ఇంకెవరికీ ఈ మాట చెప్పకు."

"మీకు తప్ప ఎవలికి చెప్పలే" అంది.

ఎవరో అద్దం మీద వేలితో కొట్టారు. పదీ యాభై ఐదుకు, రావాల్సినదానికన్నా ముప్పై అయిదు నిమిషాల ముందు, కమలాకర్ దిగబడ్డాడు.

ఆరేళ్లు నా కింద పనిచేశాడు కమలాకర్. కాలిన లారీ ఫోటోను ఏ వైపు నుంచి తీయాలో నేను నేర్పితే నేర్చుకున్నాడు. ఇప్పుడు అతనిది సొంత ఏజెన్సీ. ఈ కేసులో ఫ్యాక్టరీ వాళ్లు అతన్ని పెట్టుకున్నారు. చొక్కా జేబులోంచి కాగితం తీసి నా ముక్కు ముందు ఆడించాడు.

"నమస్తే మేడమ్. కారు కంపెనీది. లెటర్ తెచ్చిన. దిగున్రి."

"అందులో పదకొండున్నర అని రాసుంది. నీకు గడియారం చూడటం కూడా నేనే నేర్పానా?"

"అర్ధ గంటకు ఏమైతది? పోలీసులు రెండు దినాలు సూసిన్రు. మీరు ఇంకా అద్దాలు తుడుస్తనే ఉన్నరు." అతని చూపు భూదేవమ్మ మీద పడింది. "ఓహో! డ్రైవర్ తల్లి! ఏం పెద్దమ్మా, కొడుకు ఏడున్నడు? చెప్తే మంచిది. లేకుంటే నిన్ను గూడ కేసుల పెడ్తరు."

భూదేవమ్మ కారు దిగి గోడకు ఆనుకుంది.

నేనూ దిగాను. "ఆమెతో ఇంకొక్క మాట మాట్లాడావంటే, నువ్వు సంతకం పెట్టిన మొదటి క్లెయిములో ఇంజన్ నంబరు తప్పు రాసిన సంగతి నీ కొత్త యజమానులకు నేనే చెప్తాను."

"పాత ముచ్చట్లు ఎందుకు మేడమ్?" అతని చెవులు ఎర్రబడ్డాయి. "డ్రైవర్ కారును కామ్‌రేజ్ దిక్కు మళ్లించిండు. ఇంజనీర్‌ను ఎవలికో అప్పజెప్పిండు. దాక్కున్నడు. సీదా కేస్. మీరేమో దీన్ని పట్టుకొని వేలాడ్తున్నరు."

"ఈ తలుపును ఆదివారం ఎవరో విప్పారు కమలాకర్."

"డ్రైవరే విప్పిండు."

"ఆదివారం డ్రైవర్ రాలేదు. గేటు పుస్తకం చూడు. కారు బయటికీ పోలేదు."

"అరే, అద్దం ఖరాబైతే తలుపు విప్పినట్టేనా! నేను సూపిస్త ఉండున్రి." నన్ను పక్కకు జరిపి సీట్లో కూర్చున్నాడు. నేను ఇందాక చేసిన పద్ధతినే, నాకే నేర్పుతున్నట్టు, బిగ్గరగా చదువుతూ చేశాడు. కిందికి, పట్టు, పైకి, పట్టు, ఐదు లెక్క. అద్దం ఒక్క తాకుకు లేచింది. "సూసిన్రా? దీనికే ఇంత లొల్లి!" అని దిగి, విజయగర్వంతో తలుపును దభీమని వేశాడు.

నేను తలుపు తీసి స్విచ్ తాకాను. రెండు వేళ్లు లేచి ఆగింది.

అతను మళ్లీ స్విచ్ మీదికి చెయ్యి చాచాడు. నాకు మాత్రం ఆ చప్పుడుతోనే విషయం తెలిసింది. తలుపు గట్టిగా పడినప్పుడల్లా అద్దం మర్చిపోతోంది. అంటే లోపల ఎక్కడో తీగె వదులుగా ఉంది. కారు తయారీలో వేసిన తీగె అలా వదులు కాదు. ఎవరో మధ్యలో కోసి, సరిగ్గా ముడెయ్యకుండా వదిలేశారు. తలుపు లోపలి అట్ట అంచున వంగి టార్చి వేసి చూస్తే ఒకచోట తెల్లటి గీరు, కొత్తది, కనిపించింది.

"సుమతి గారూ! ఇంట్లో స్క్రూడ్రైవర్ ఉందా?"

ఆమె భర్త పనిముట్ల పెట్టె తెచ్చింది. తెరిస్తే పైనే కనిపించింది, చదునైన నీలం ప్లాస్టిక్ బద్ద. కారు తలుపు అట్టలు ఊడదీయడానికి మెకానిక్కులు వాడేది. కొసన అరిగి ఉంది.

"ఇది ఇంట్లో ఎందుకుందమ్మా?"

"ఏమోనండీ. ఆయనకి కనబడ్డదల్లా ఆన్‌లైన్లో తెప్పించే అలవాటు. ఎక్కడ పెట్టాలో తెలీక చస్తుంటాను."

ఆ జవాబు దగ్గర నేను ఆగి ఆలోచించాల్సింది. కానీ గడియారం పదకొండూ ఏడు చూపిస్తోంది, కమలాకర్ క్రేన్ వాడికి ఫోన్ చేసి త్వరగా రమ్మంటున్నాడు, నాకేమో ఆ అద్దం మీద కసి పుట్టుకొచ్చింది. రెండు స్క్రూలు తీశాను. బద్ద దూర్చి ఒక్కో క్లిప్పూ ఊడదీశాను. ఆరో క్లిప్పు విరిగింది. కమలాకర్ "కంపెనీ సామాను ఖరాబ్ చేస్తున్నరు, రాసుకుంటున్న" అన్నాడు. రాసుకో అన్నాను.

పదకొండూ పంతొమ్మిదికి అట్ట చేతికొచ్చింది.

అద్దం మోటారుకు వెళ్లే ఎర్ర తీగెను మధ్యలో కోసి, నల్ల టేపు చుట్టి, దానికి ఒక చిన్న చార్జర్ ముక్క కలిపారు. ఆ చార్జర్ కొసన, స్పాంజిలో చుట్టి రేకుకు అతికించిన ఒక సెల్‌ఫోన్. తెర వెలుగుతోంది. తెర మీద ఒక నంబరు, దాని కింద కదులుతున్న అంకెలు. గంటా మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. పదమూడు. పద్నాలుగు.

కాల్ నడుస్తోంది. ఎవరో పదీ పదహారుకు ఈ ఫోన్‌కు చేశారు. అది దానంతటదే ఎత్తుకుంది. అప్పటి నుంచీ ఈ కారులో పలికిన ప్రతి మాటా అవతల ఎవరో వింటున్నారు. పదీ నలభై ఆరుకు చెప్పిన మాటతో సహా.

పెదవుల మీద వేలు పెట్టుకుని భూదేవమ్మకు తెర చూపించాను. ఆమెకు వెంటనే అర్థమైంది. కొంగుతో నోరు మూసుకుంది. విన్నవాణ్ణి వేరే దారి పట్టించడానికి నాకొక్కటే ఉపాయం తట్టింది. తలుపు దగ్గరికి వంగి కోపంగా గొంతు పెంచాను.

"భూదేవమ్మా! ఇంతసేపూ నాకు అబద్ధం చెప్తావా? కోసాడ్‌లో కాదా? మరి కామ్‌రేజ్‌లో ఏ ఇంట్లో ఉన్నాడు? సరిగ్గా చెప్పు!"

ఆమె ఎంత తెలివిగలదో అప్పుడు చూశాను. కొంగు తీసి ఏడుపు గొంతుతో అందుకుంది. "తప్పయింది మేడమ్, భయానికి చెప్పిన. కామ్‌రేజ్‌ల, గా బస్సు స్టాండ్ ఎనక..."

"అరే! ఏందది?" కమలాకర్ నా భుజం మీదుగా తల దూర్చాడు. "ఫోనా? తలుపుల ఫోన్ ఎవలు పెట్టిన్రు? కాల్ నడుస్తున్నది గదా! ఎవలు వింటున్నరు?"

తెర మీద అంకెలు ఆగాయి. కాల్ పోయింది.

నేను కమలాకర్ వైపు తిరిగాను. పద్నాలుగేళ్ల ఉద్యోగంలోనూ తర్వాతా నాకు తెలిసిన తిట్లన్నీ ఒకేసారి గొంతులోకి వచ్చి, ఏది ముందు రావాలో తేల్చుకోలేక ఆగిపోయాయి. అతను నా ముఖం, భూదేవమ్మ ముఖం చూశాడు. అతని ముఖం మెల్లగా పాలిపోయింది.

"మేడమ్... నేను..."

"కోసాడ్. పదిహేడో బిల్డింగు, మూడో అంతస్తు. నీ జీపు తియ్యి. దారిలో పోలీసులకు ఫోన్ చెయ్యి. సురేశ్‌ను పట్టుకోవడానికి కాదు, బతికించడానికి. పో!"

మొదటిసారి ఎదురు మాట్లాడకుండా పరిగెత్తాడు. క్రేన్ వాడికి ఇచ్చే లెటర్ అక్కడే నేల మీద పడిపోయింది.

భూదేవమ్మ నవత నంబరు కలిపి, స్పీకర్ పెట్టి నా చేతికిచ్చింది. ఆరుసార్లు మోగాక ఎత్తారు.

"అమ్మా!" సురేశ్ గొంతు. భయపడుతున్న గొంతు కాదు. సంతోషంగా ఉంది. "నేనే చేద్దామనుకుంటున్న. ఇగ ఏం భయం లేదే!"

"సురేశ్, నేను విజయరాణిని. తలుపు తీయకు. ఎవరు వచ్చినా తీయకు."

"గదే చెప్తున్న మేడమ్. సార్ వచ్చిండు! మా సార్, పార్థసారథి సార్! కింద బండి ఆపిండు, ఇద్దరు మనుషుల్ని తీస్కొని మెట్లెక్కి వస్తున్నడు. కిటికీలకెల్లి సూసిన."

సుమతి ఫోన్ దగ్గరికి దూసుకొచ్చింది. "ఏమన్నాడు? ఆయనా? క్షేమంగా ఉన్నారా?" ఆమె కళ్లు అప్పటికే నిండిపోయాయి.

నేను ఫోన్‌ను నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. "సురేశ్, మంగళవారం ఏం జరిగింది? ఒక్క ముక్కలో చెప్పు."

"సార్‌ను ఎవలూ ఎత్కపోలే మేడమ్. సారే కామ్‌రేజ్ పొమ్మన్నడు. ఆడ ఇంకో కారు వస్తే నవ్వుకుంట ఎక్కిండు. బ్యాగు గూడ పట్కపోయిండు. నాలుగు దినాలు ఎవలికి కనవడకు, ఫోన్ బంద్ చెయ్యి, నేనే వచ్చి అంత సాఫ్ జేస్త అన్నడు. మాట మీద నిలవడ్డడు సూడున్రి, వచ్చిండు."

"సురేశ్, విను. నువ్వు ఆ ఇంట్లో ఉన్నావని సార్‌కు చెప్పావా?"

"లే మేడమ్."

"మీ అమ్మ చెప్పలేదు. నవత చెప్పిందా?"

"నవతకు సార్ ఎవలో తెల్వదు."

"మరి సార్‌కు ఎవరు చెప్పారు?"

సుమతి నెమ్మదిగా నా చేతిలోని ఫోన్ వైపు, విప్పిన తలుపు వైపు, పనిముట్ల పెట్టె వైపు చూసింది. ఆమె ముఖంలోని సంతోషం ఒక్కసారిగా పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే నిలిచింది.

ఫోన్‌లో తలుపు తట్టిన చప్పుడు. తర్వాత ఒక మగ గొంతు, మర్యాదగా, కొంచెం అలసటగా. "సురేశ్, తలుపు తియ్యి నాయనా. నేనే."

"ఆయన గొంతే" అంది సుమతి.

"తీయనియ్యకు సురేశ్! దొంగలని కేకలు పెట్టు! పక్కింటోళ్లను పిలువు!" అన్నాను.

"నవతా, ఆగు! నవతా, తియ్యకే!" సురేశ్ గొంతు ఫోన్‌కు దూరంగా పోయింది.

"తియ్యకే బిడ్డా!" భూదేవమ్మ అరుపుకు బేస్‌మెంటు మొత్తం మోగింది.

అవతల ఇనుప గొళ్లెం జారి కిందపడ్డ చప్పుడు స్పష్టంగా వినిపించింది.